గుమ్మడికాయ మీద నూట ఇరవై రూపాయలు

వేలం పాటంటే నాకు పిచ్చి. అశ్వారావుపేట దగ్గర మా చర్చిలో ఏడాదికొకసారి కోత పండుగ చేస్తారు. పంటలో మొదటిది దేవుడికని తెస్తారు, ఆరాధన అయ్యాక చర్చి ముందే వేలం వేస్తారు. వడ్ల బస్తా, పామాయిల్ గెల, అడవి తేనె సీసా, కోడిపెట్ట, ఇంట్లో చేసిన కేకు, ఏదైనా సరే. అక్కడ వస్తువు ధరతో పనిలేదు. సంతలో ముప్పైకి దొరికే కొబ్బరికాయ మా దగ్గర మూడు వందలకు పోతుంది, కొన్నవాడు నవ్వుకుంటూ ఇంటికి పోతాడు. వచ్చిన డబ్బు చర్చి ఖర్చులకు. ఆ రోజు నాకు పొద్దున టిఫిన్ కూడా దిగదు.

ఈ వేలానికి ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి కానుక అన్నిటికంటే ఎక్కువకు పోతుందో, వచ్చే ఆదివారం కృతజ్ఞతా ప్రార్థన వాళ్ళు చేయాలి. పాస్టరు అయ్యగారు పేరు పెట్టి పిలుస్తారు, లేచి ముందుకు వెళ్ళాలి. పాట పాడి డబ్బు ఇవ్వనివాళ్ళు కూడా ఉంటారు కాబట్టి శనివారం కమిటీ కూర్చుని, డబ్బు చేరిందని చూసుకున్నాకే ఆ పేరు ఖాయం చేస్తుంది.

మా అత్తమ్మ ప్రతి ఏడూ గుమ్మడికాయ తెస్తుంది. పాకమీద పాకిన తీగకు కాసిన వాటిలో పెద్దదాన్ని పండుగ కోసమని వదిలేస్తుంది. దాని కింద గడ్డి పరుస్తుంది, ఎండ ఎక్కువైతే గోనెపట్టా కప్పుతుంది. నన్ను కూడా అంత ముద్దుగా చూడలేదు. అయినా ఆ కాయ ఎప్పుడూ ఐదారు వందలు దాటలేదు. పైచేయి ఎప్పుడూ పుంజు పెద్దమ్మదే. పామాయిల్ తోట ఉన్న మనిషి, ఆమె తెచ్చే నాటుకోడి పుంజును చూస్తే మగవాళ్ళకు ఒళ్ళు తెలియదు. వరసగా మూడేళ్ళు ప్రార్థన ఆమెదే. ఆమె ప్రార్థన మొదలుపెడితే మండలంలో ఒక్క ఊరినీ వదలదు. కిందటేడు ఆమేన్ అనేసరికి వంటశాలలో అన్నం చల్లారిపోయింది.

మా అత్తమ్మ చర్చిలో ఎప్పుడూ గట్టిగా ప్రార్థన చేయలేదు. ఇంట్లో రోజూ చేస్తుంది. చర్చిలో ఎవరైనా చేయవచ్చు, లేచి నిలబడితే చాలు. ఒకసారి నేనే అడిగాను, నువ్వూ లేవొచ్చు కదా అని.

"నేను లేస్తే ఈమెకేం ఒచ్చని లేచిందంటరు. పిలిస్తే పోత," అంది.

పిలవాలి. అదీ ఆమె పట్టుదల. ఆనవాయితీ ప్రకారం, ఎవరూ కాదనలేని విధంగా పిలవాలి. ఆమెకు చదువు రాదు, కమిటీలో చుట్టాలు లేరు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ పిలుపు కోసం గుమ్మడికాయ మోసుకెళ్తోంది. ఆ సంగతి తెలిశాక నాకు ఆ కాయ మీద ఆమెకంటే ఎక్కువ ఆశ పుట్టింది.

ఈ ఏటి పండుగకు కమిటీవాళ్ళు కొత్త ఏర్పాటు చేశారు. మా చర్చి పిల్లలు చాలామంది హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళు వీడియో కాల్‌లో చూస్తూ పాట పాడొచ్చు, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టొచ్చు. ఈ పని నాకు అప్పగించారు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, గోడకు క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది, ఆన్‌లైన్ అంటే నాకు కొట్టిన పిండి అని వాళ్ళ నమ్మకం. నా నమ్మకం కూడా అదే. ఫోటోగా పంపిన క్యూఆర్‌తో పెద్ద మొత్తాలు ఒక్కోసారి పోవడం లేదని, చర్చి పేరు మీద ఒక పేమెంట్ సర్వీసులో ఖాతా తెరిపించాను. లింకు పంపితే చాలు, ఎవరు ఎట్లా కట్టినా చర్చి బ్యాంకు ఖాతాలో పడుతుంది.

పండుగ రోజు ఫోనును కుర్చీకి కట్టి నిలబెట్టాను. వేలం వేసేది మా కాటా అన్న, మిల్లు దగ్గర లారీలు తూకం వేసే మనిషి, మైకు అక్కర్లేని గొంతు. పుంజు ఐదు వేలకు పోయింది. దాన్ని పాడుకున్న ట్రాక్టరాయన అక్కడికక్కడే నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. పెద్దమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది. ఇంక అయిపోయిందనుకున్నాను.

తర్వాత గుమ్మడికాయ లేచింది. మెకానిక్ తమ్ముడొకడు వెయ్యి అన్నాడు. ఫోనులోంచి ఒక నర్సు పిల్ల పన్నెండు వందలంది. డ్యూటీ మధ్యలో వరండాలో నిలబడి ఉంది, యూనిఫాం మీదనే. వీడు పదిహేను అంటే అది రెండు వేలంది. ఇద్దరికీ పంతం వచ్చింది. మూడు వేలు, మూడున్నర, నాలుగు. పిల్లలు కుర్చీలెక్కారు. మెకానిక్ తమ్ముడు నాలుగు వేల తొమ్మిది వందలని చెయ్యెత్తాడు.

"నాలుగు వేల తొమ్మిది నూర్లు, ఒకటోసారి," అన్నాడు కాటా అన్న.

సరిగ్గా అప్పుడే ఫోను బిగుసుకుపోయింది. నర్సు పిల్ల నోరు తెరిచినట్టే ఆగిపోయింది.

"రెండోసారి."

"ఆగన్నా, పిల్ల నోరు తెరిచింది," అని నేను అడ్డం పడ్డాను.

"తెరిస్తే సరిపోద్దా? మాట రావాలె గద," అన్నాడు కాటా అన్న.

అందరూ ఫోను చుట్టూ మూగారు. గరగరమంది, బొమ్మ కదిలింది, ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు "ఐదు వేల నూరు" అని వినబడింది. చర్చి ముందు ఒకటే గోల. మెకానిక్ తమ్ముడు దండం పెట్టి కూర్చున్నాడు. నేను లింకు పంపాను, రెండు నిమిషాల్లో 5,100 కట్టినట్టు మెసేజ్ వచ్చింది. ఆ సాయంత్రం అత్తమ్మ పాలు పితుకుతూ బర్రెకు వినబడేలా ప్రార్థన వల్లెవేసుకుంటుంటే విని, నేను వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

బుధవారం లెక్కల సారు ఫోన్ చేశాడు. రిటైరైన టీచరు, చర్చి డబ్బు చూసేది ఆయనే.

"అమ్మాయ్, గుమ్మడికాయ పైసలు పడ్డయి. నాలుగు వేల తొమ్మిది నూర్ల డెబ్భై తొమ్మిది రూపాయల అరవై నాలుగు పైసలు. పుంజు కంటే ఇరవై తక్కువ."

నాకు తల కొట్టేసినట్టయింది. అరవై నాలుగు పైసలేమిటి? గుమ్మడికాయను ఎవరు కోశారు? కుడుతున్న జాకెట్టు పక్కన పడేసి, ఆ సర్వీసు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం వినిపించి, చివరికి ఒక అమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. నేను కోపంగా మొదలుపెట్టాను. ఆ అమ్మాయి ఓపికను మెచ్చుకోవాలి, నా కోపం పూర్తయ్యేదాకా ఆగింది.

కట్టినామె క్రెడిట్ కార్డుతో కట్టిందట. కార్డు మీద ఫీజు నూటికి రెండు. అంటే నూట రెండు రూపాయలు. ఆ ఫీజు మీద మళ్ళీ జీఎస్టీ, పద్దెనిమిది రూపాయల ముప్పై ఆరు పైసలు. గుమ్మడికాయ మొత్తం మీద కాదు, ఫీజు మీద మాత్రమే. రెండూ కలిపి నూట ఇరవై రూపాయల ముప్పై ఆరు పైసలు. అది కొన్నామె దగ్గర తీసుకోరు, అమ్మినవాళ్ళ డబ్బులోంచి పట్టుకుని మిగతాది పంపుతారు. అదే లింకులో బ్యాంకు ఖాతా నుంచి యూపీఐతో కట్టి ఉంటే ఏమీ పట్టుకునేవాళ్ళు కాదట. నా గోడ మీది క్యూఆర్ ఇన్నాళ్ళూ నన్ను ఎందుకు కోయలేదో అప్పుడు అర్థమైంది.

నిజం చెప్పాలంటే, కోపంలోనే నాకు హుషారు వచ్చేసింది. జాకెట్టు చంక దగ్గర ఎందుకు పట్టేస్తుందో దొరికినప్పుడు వచ్చే హుషారు అది. నర్సు పిల్లకు ఫోన్ చేశాను, కార్డెందుకు వాడావని.

"పాయింట్లొస్తయి గదక్కా. ఐదు వేలంటే మంచిగనే వస్తయి," అంది సంతోషంగా.

ఆ పాయింట్లు ఎక్కడినుంచి వస్తున్నాయో నాకిప్పుడు తెలుసు. మా దగ్గర పట్టుకున్న ఫీజులో కార్డిచ్చిన బ్యాంకుకూ వాటా పోతుంది, అందులోంచే ఆ పిల్లకు ఇంత బహుమతి. మా పాకమీది కాయ హైదరాబాదులో పాయింట్లు కాసింది.

సరే, దారి వెతకాలి. డబ్బు మొత్తం వెనక్కి పంపి, యూపీఐతో మళ్ళీ కట్టమంటే? మళ్ళీ హెల్ప్‌లైన్, మళ్ళీ సంగీతం. వెనక్కి పంపితే ఆమెకు ఐదు వేల నూరూ ఇవ్వాలట, పట్టుకున్న ఫీజు మాత్రం మాకు తిరిగి రాదట. అంటే నూట ఇరవై ఎటూ పోయినట్టే. ఇంకో దారి చెప్పింది ఆ అమ్మాయి. ఫీజు కొన్నవాళ్ళే భరించేలా ముందే పెట్టుకోవచ్చట. అప్పుడు కట్టేటప్పుడే వాళ్ళకు ఎక్కువ మొత్తం కనబడుతుంది. ముందే పెట్టుకోవాలి, అయిపోయాక కాదు. నర్సు పిల్లను ఇంకో నూట ఇరవై అడుగుతానంటే అత్తమ్మ ఒప్పుకోలేదు.

"పాడినంత ఇచ్చింది పిల్ల. మళ్ల అడుగుడేంది?"

"అయితే నేనేస్తా."

"ఇంట్ల పైసలు ఏసి గెలిస్తే అది గెలుపా? ఊకో."

ఆ రెండు రోజులూ ఆమె బర్రె దగ్గర ప్రార్థన వల్లెవేయలేదు. అది చూసి నాకు ఏడుపొచ్చింది, ఏడుపు వెంటనే పౌరుషమూ వచ్చింది.

శనివారం సాయంత్రం కమిటీలో నన్ను కూడా కూర్చోమన్నారు. అయ్యగారు, లెక్కల సారు, కాటా అన్న, పుంజు పెద్దమ్మ. అత్తమ్మ రానంది. సారు పాస్‌బుక్ ముందు పెట్టుకుని, "నేను ఏం చెయ్యాలె చెప్పు? చర్చికి చేరిందే చదువుత," అన్నాడు. అందులో తప్పేం లేదు. పెద్దమ్మ నావైపు చూడకుండా, "లెక్క లెక్కే గద," అంది.

ఫీజు గురించి నేర్చుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. కార్డు, రెండు శాతం, దాని మీద పన్ను, పాయింట్లు. అయ్యగారు పాయింట్ల దగ్గర నోరెళ్ళబెట్టారు.

"సార్, పుంజు పైసలు బ్యాంకుల ఎవరేసిండ్రు?" అని అడిగాను.

"నేనే. సోమవారం పోయిన."

"ఎట్ల పోయిండ్రు?"

"ఆటోల."

"ఆటో కిరాయి?"

"పోను రాను అరవై. చర్చి ఖర్చుల రాసిన."

"పుంజు ఐదు వేలల్ల తీసి రాయలేదా?"

"దాంట్లకెల్లి ఎందుకు తీస్త? అది చర్చి ఖర్చు గద..." అంటూ సారు ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నోట్లు బ్యాంకు చేరనీకి ఆటోకిస్తిమి. ఇది చేరనీకి వాళ్లకిచ్చినం. అంతేగ సార్. ఇచ్చినామె ఐదు వేల నూరే ఇచ్చింది."

సారు కాసేపు పాస్‌బుక్ తిప్పాడు. తర్వాత పెన్ను తీసి రాబడిలో 5,100 అని రాశాడు. ఖర్చుల్లో ఆటో కిరాయి కింద, ఆన్‌లైన్ ఫీజు, 120 రూపాయల 36 పైసలు. వచ్చే ఏడు నుంచి ఆన్‌లైన్ పాటకు యూపీఐ ఒక్కటే తెరవాలని కూడా రాయించాను. కాటా అన్న నన్ను చూసి నవ్వుతున్నాడు. అందరం పెద్దమ్మ ఏమంటుందోనని చూశాం.

"ఆటో కిరాయి పుంజు మీద ఎయ్యకుంటే మంచిదే," అంది ఆమె. "రేపు జర అన్నం వేడిగ తిందాం."

ఆ మాటకు ముందుగా పగలబడి నవ్వింది అయ్యగారే.

ఇంటికి దాదాపు పరుగెత్తాను. అత్తమ్మ పాక దగ్గర ఉంది. చెప్పాను. "అవ్?" అంది, అంతే, బర్రెకు కుడితి పెట్టడానికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి పెట్టె తెరిచి తెల్లచీర తీసి, నాలుగుసార్లు మడత పెట్టింది.

ఆదివారం అయ్యగారు పేరు పెట్టి పిలిచారు. అత్తమ్మ లేచింది. ముందుకు వెళ్ళి కొంగు తలమీదికి లాక్కుని నిలబడింది. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. బర్రె దగ్గర చెప్పిన ప్రార్థన నాకు మొత్తం నోటికి వచ్చు, మొదటి మాట అందించేద్దామని నాలుక కొసదాకా వచ్చింది.

"ప్రభువా," అంది చివరికి. వల్లెవేసినదేదీ అందులో లేదు. "తీగకు నీళ్లిచ్చినవు. కాయనిచ్చినవు. కొన్న పిల్లను సల్లగ చూడు, ఆ పిల్లకు పాయింట్లు దండిగ రావాలె."

వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. ఆమె పట్టించుకోలేదు.

"మధ్యల నూట ఇరవై రూపాయలు పట్టుకున్నోళ్లు ఎవరో నాకెరుక లేదు. నువ్వెరుగుదువు. వాళ్ల పిల్లజెల్లలు గూడ మంచిగుండాలె."

నాలుగు రోజులుగా నేను తిడుతున్న మనుషుల కోసం ఆమె దేవుణ్ణి అడుగుతోంది. నేను తల వంచుకున్నాను. ఇంక ఆమేన్ అంటుందనుకున్నాం, చర్చి అంతా అదే అనుకుంది, కొందరు అనేశారు కూడా. కానీ ఆమె అక్కడే నిలబడింది. గొంతు తగ్గించి, పక్కనే ఉన్న మనిషితో చెప్పినట్టు ఇంకో మాట చెప్పింది.

"నన్ను పిలిచిండ్రు ప్రభువా. ఇన్నవా?"