వెండి గిన్నెలో అరటిపండ్లు

మా ముత్తాత నాలుగు ఊళ్లకు దేశ్‌ముఖ్. తాత పేరున్న వకీలు. చిక్కడపల్లిలో ఆయన బంగళా ముందు సైకిల్ మీద పోయేవాళ్లు దిగి నడిచేవారట. నేను పరిశోధన విద్యార్థిగా చేరేనాటికి ఆ బంగళా పోయి అశోక్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు మిగిలింది. నా వీపు మాత్రం ఇంకా బంగళాలో ఉన్నట్టే నిటారుగా ఉండేది.

నారాయణగూడలోని మా కాలేజీలో నా ప్రొఫెసర్‌ను అందరూ ఈగల మేడం అనేవారు. అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలే ఆమె లోకం. పులిసిన పండులో ఊరే మత్తును తట్టుకునే గుణం వాటిలో తరతరాలుగా ఎలా పెరుగుతుందన్నది ఆమె పరిశోధన. సీసాల్లో మత్తు లేని మేత మీద ఏళ్లుగా పెంచుతున్న ఈగలున్నాయి. పోల్చి చూడటానికి బజారు ఈగలు కావాలి. "సోమవారానికి ఓ యాభై పట్టుకురావయ్యా. అదీ చేతకాకపోతే నీ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తాను. బండి దగ్గర కుళ్లిన పండ్లు అడుగు, సిగ్గుపడకు," అన్నారు శుక్రవారం.

కుళ్లినవి అడగడమా! (మా వంశంలో కుళ్లిన పండు ముట్టినవి ఆవులే.) చిక్కడపల్లి మార్కెట్లో అరటిపండ్లక్క బండి దగ్గర నిలబడి, మచ్చలున్న పండ్లన్నీ పక్కకు తోసి, మేలైన డజను ఏరి తెచ్చాను. తాత వాడిన వెండి గిన్నెలో అమర్చి బాల్కనీ గోడ మీద పెట్టాను. శనివారం ఒక కాకి వచ్చింది. ఆదివారం అదీ రాలేదు. నాయనమ్మ చూసి, "ఈగలకు వెండి గిన్నెలేందిరా? మీ తాతకు గూడ ఇంత మర్యాద జెయ్యలె," అని రెండు పండ్లు తిని వెళ్లిపోయింది.

సీటు కళ్ల ముందు జారిపోతోంది. ఆ సాయంత్రం మళ్లీ బండి దగ్గరికెళ్లి, గొంతు తగ్గించి, "అక్కా, జర పాడైనవి ఏమన్న ఉన్నయా?" అన్నాను.

అక్క గొంతు తగ్గించే మనిషి కాదు. "ఏంది సార్! మొన్న గింత మచ్చుంటే ఇసిరికొడ్తివి, ఇయాల కుళ్లినయి గావాల్నా?"

"రీసెర్చ్ కోసం..."

"అందరు గట్లనే అంటరు లే," అంటూ సంచి నింపింది.

పక్కన పండ్లు కొంటున్న పెద్దాయన నన్ను తేరిపార చూశాడు. ఒకప్పుడు మా తాత దగ్గర గుమాస్తా. "వకీల్ సాబ్ మనవడివి గదా బాబూ?" అని, కళ్లు తుడుచుకుని, తను కొన్న మంచి పండ్లు నా రెండో చేతిలో పెట్టాడు. "తీస్కో. మనకాడ మొహమాటమేంది?" ఒక చేతిలో కుళ్లు, ఇంకో చేతిలో జాలి, తల చుట్టూ ఈగలు, అయినా వీపు వంచకుండానే ఇంటికి నడిచాను.

ఆ కుళ్లిన పండ్లు సీసాలో వేసి మూతికి కాగితపు గరాటు పెడితే తెల్లారేసరికి అరవై ఈగలు చిక్కాయి. మేడం క్లాసులో అందరి ముందూ రెండు సీసాల్లోనూ స్పిరిట్ చుక్కలు వేశారు. పెంపుడు ఈగలు క్షణాల్లో వెల్లకిలా పడ్డాయి. బజారువి తాపీగా తిరుగుతున్నాయి. "చూశారా? తరతరాలుగా కూర్చోబెట్టి మేపితే ఇంతే," అన్నారు. ఆమె అన్నది ఈగలనే. క్లాసంతా నా వంకెందుకు చూసిందో తెలియదు.

సీటు దక్కింది. ఇప్పుడు ఆ పాఠం అదే గదిలో నేనే చెబుతాను, నిటారుగానే నిలబడి. ఆ బజారు ఈగల సంతతి వందల తరాలుగా నా సీసాల్లో కూర్చుని తింటోంది. వాటికీ మా ఇంటి జబ్బు పట్టుకుంది. అందుకే పిల్లల్ని మార్కెట్‌కు పంపుతూ, వెండి గిన్నె పనికిరాదర్రా అని హెచ్చరిస్తాను. ఏదీ ఆ గిన్నె, చూపించండి సార్ అంటారు వాళ్లు.

దాన్ని ఆ ఏడాదే నాయనమ్మ కంటి ఆపరేషన్‌కు అమ్మేశాం.