వెనక్కి తిప్పలేని అప్‌డేట్

మా ఇంట్లో చెప్పుకునే కథ ప్రకారం, బాగా పనిచేస్తున్న కంప్యూటర్‌ని నేనే కెలికి పాడు చేసుకున్నాను. వచ్చిన చుట్టానికల్లా మా ఆయన ఇదే వినిపిస్తారు: "బాగానే ఉండేదండి. ఏదో అప్‌డేట్ అంది, చేసింది, అయిపోయింది." మా ఆఫీసులో ఇంకో కథ ఉంది. అందులో నేను ఆఫీసుకి రాకుండా ఉండటానికి సాకులు వెతికే మనిషిని. రెండూ తప్పే.

సర్వర్లు పెట్టే పెద్ద హాళ్ళలో చల్లగాలి ఎటు పోతుందో, ఎక్కడ ఆగిపోతుందో కంప్యూటర్ మీద లెక్క కట్టడం నా ఉద్యోగం. ఆఫీసు హైటెక్ సిటీలో, ఇల్లు చందానగర్‌లో. నడుములో డిస్కు జారాక రోజూ క్యాబులో కూర్చుని వెళ్ళి రావడం నా వల్ల కాలేదు. మేనేజరుతో వాదించి, ఇంటి నుంచి పనిచేసే అనుమతి సంపాదించుకున్నాను. షరతు ఒక్కటే. ఫలితాలు ఆఫీసులో వచ్చినంత త్వరగా రావాలి. అందుకే సొంతంగా డెస్క్‌టాప్ కొన్నాను. నా లెక్కలకి కావలసిన అంకెల్ని ర్యామ్ వేగంగా అందించకపోతే ప్రాసెసర్ ఎంత గట్టిదైనా ఖాళీగా కూర్చుంటుంది. ర్యామ్ బోలెడంత ఉండాలి కూడా, లేకపోతే ఒక హాలు మొత్తం అందులో పట్టదు. అందుకని నాలుగు ర్యామ్ స్టిక్కులు పెట్టించాను.

ఒకరోజు ఆఫీసు నుంచి మెయిలు. మదర్‌బోర్డులో ఉండి కంప్యూటర్‌ని లేపే ప్రోగ్రాం, అదే బయోస్, పాతదట, కొత్తది వేసుకోకపోతే భద్రత దృష్ట్యా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రానివ్వరట. వేశాను, సరదాకి కాదు. తర్వాత చూస్తే అయిదువేల ఆరువందల వేగంతో నడవాల్సిన ర్యామ్ మూడువేల ఆరువందల దగ్గర చతికిలబడి ఉంది. మధ్యాహ్నానికి తేలే లెక్క సాయంత్రం దాకా సాగింది.

అప్‌డేట్ చేస్తే బయోస్‌లో మనం పెట్టుకున్న సెట్టింగులన్నీ పోతాయి. అది నాకు తెలుసు. లోపలికి వెళ్ళి పాత వేగాన్ని మళ్ళీ ఆన్ చేశాను. తెర నల్లబడింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బొమ్మ లేదు. కొత్త వేగం పెట్టినప్పుడు బోర్డు ర్యామ్‌ని ఒకసారి పరీక్షించుకుంటుంది. దానికి చాలాసేపు పడుతుంది, మధ్యలో కదిలించకూడదు. నేను వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి మా ఆయన గోడ స్విచ్చి ఆపి మళ్ళీ వేశారు. వై-ఫై డబ్బాకి చేసే వైద్యమే దీనికీ.

"హ్యాంగయింది, అందుకే ఆపాను."

"హ్యాంగవలేదు, పని చేసుకుంటోంది. ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచీ."

"నల్ల తెర మీద ఏం పని?"

"మీరు కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నానంటారే, అలాంటిది కాదు. ఇది నిజంగానే చేస్తోంది. కాసేపు చేతులు జేబులో పెట్టుకోండి."

కుర్చీ లాక్కుని స్విచ్చి బోర్డు పక్కనే కాపలా కూర్చున్నాను. చివరికి తెర వెలిగింది. వేగం మాత్రం మళ్ళీ మూడువేల ఆరువందలే. తన వల్ల కాదని బోర్డే వెనక్కి తగ్గింది. కంప్యూటర్ డబ్బా విప్పి రెండు స్టిక్కులు తీసేస్తే పాత వేగం వచ్చింది గానీ హాలు పట్టలేదు, లెక్క మొదలవగానే ర్యామ్ చాలదని ఆగిపోయింది. నాలుగూ పెడితే పడుతుంది, నత్తనడక. మధ్యస్థంగా ఏదో ఒక వేగం పెడితే లెక్క సగంలో కంప్యూటర్ కుప్పకూలి నీలం తెర. పోనీ పాత బయోస్ వేద్దామంటే బోర్డు ఒప్పుకోలేదు, పాత ఫైలు వేయడానికి వీల్లేదంది. ఇప్పుడు వేసినదాని తర్వాతి బయోస్ ఇంకా రాలేదు.

ఆఫీసు సపోర్టు డెస్కుకి ఫోన్ చేశాను. ఎత్తినాయన తీరిగ్గా అడిగాడు.

"మేడం, ర్యాములు నాలుగు కనబడుతున్నయా?"

"కనబడుతున్నాయి."

"మరి ఇగ ప్రాబ్లం ఏంది మేడం?"

"గచ్చిబౌలి జంక్షన్లో బళ్ళన్నీ కనబడుతూనే ఉంటాయి బాబూ. కదులుతున్నాయా అని కదా నా గొడవ."

నవ్వాడు. "జర ఆగుండ్రి." కీబోర్డు టకటకలు వినబడ్డాయి. "ఆ, ఇది తెలిసిందే మేడం. నాలుగు పెట్టుకున్నోళ్లకు గిట్లనే అయితున్నది. టెస్టింగ్‌ల గూడ చూసినం. ఫికర్ చేయకుండ్రి, సెక్యూరిటీ అయితే ఓకే అయింది. టికెట్ క్లోజ్ చేస్తున్న."

"టెస్టింగులోనే చూశారా? మాకు మెయిలు పంపకముందా?"

"ఇంకేమన్న హెల్ప్ కావాల్నా మేడం?"

రెండు ఫలితాలు ఆలస్యమయ్యాయి. మేనేజరు చాలా మర్యాదగా, ఆఫీసులో మంచి మెషిన్ ఉంది కదండీ, అక్కడే చేద్దురు అన్నారు. వాదించాను. అనుమతి షరతు నేను ఒప్పుకున్నదేనని గుర్తుచేశారు.

ఇప్పుడు రోజూ వీపు వెనక దిండు పెట్టుకుని క్యాబెక్కుతున్నాను. కొండాపూర్ దగ్గర బండి ఆగిపోతే నడుములో మొదలైన నొప్పి మడమ దాకా లాగుతుంది. దిగి నడవలేను, సీట్లో ఒరగలేను. ముందు బస్సు, వెనక లారీ, పక్కన ఇంకో క్యాబు, అందులో నాలాగే అద్దానికి తల ఆనించుకుని ఇంకొకామె. భద్రత పేరుతో నన్ను ఇందులో కూర్చోబెట్టారు.

సపోర్టు డెస్కుకి ఒక మెయిలు రాశాను, ఇంతవరకూ జవాబు లేదు, మళ్ళీ రాస్తాను. నాలుగు స్టిక్కుల వాళ్ళకి ఇలా అవుతుందనీ, ఒకసారి వేశాక వెనక్కి దారి లేదనీ మీకు ముందే తెలిసినప్పుడు, వేసుకోమని పంపిన మెయిలులో ఆ ఒక్క ముక్క ఎందుకు రాయలేదు?