మిర్చి కళ్లం మీద తెల్ల లైటు

ఒక మనిషి మీద పడి నేను ఏడ్చినంతగా మా ఊళ్లో ఎవరూ ఏడ్చి ఉండరు. ఆ మనిషికి అరవై దాటాయి, ముందు పళ్లు రెండు లేవు. బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. బొగ్గుగనిని మా వైపు బాయి అనే అంటారు. కొత్తగూడెంలో క్వార్టరు ఖాళీ చేసి, దుమ్ముగూడెం దారిలో అడవి అంచునున్న మా ఊళ్లో కూతురింటికి చేరాడు. అదే ఊరి హైస్కూల్లో నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను.

మా ఊరికి దండిగా ఉన్నది చీకటి. అమావాస్య దగ్గర పడితే ఆకాశం నిండా నువ్వులు ఆరబోసినట్టు చుక్కలు. అవి చూపించాలని హైదరాబాద్ నుంచి టెలిస్కోపును బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. అమావాస్యకు దగ్గరి శనివారం, పొద్దుగూకాక బడి గ్రౌండులో ఆకాశ దర్శనం. పిల్లలూ వచ్చేవారు, తల్లులూ వచ్చేవారు. వరుసలో నిలబెట్టి, టార్చి వేసి దారి చూపించి, ఒక్కొక్కరినీ చూడనిచ్చేదాన్ని. "కనిపించిందా?" అంటే అందరూ "అవ్ మేడం" అనేవాళ్లు. చాలామందికి ఏమీ కనిపించలేదని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఒక ఫిబ్రవరి శనివారం వరుసలో పదకొండు మందే మిగిలారు. మిగతావాళ్లేరని అడిగితే ఏడో తరగతి పిల్ల చెప్పింది.

"తాత కాడికి పోయిండ్రు మేడం, మిర్చి కళ్లం కాడికి."

ఎండుమిర్చికి కాపలా పడుకునేవాళ్లకు ఆ బాయి పెద్దాయన చుక్కలు చూపిస్తున్నాడట. టెలిస్కోపు సర్దేసి నేనూ వెళ్లాను. కళ్లం అంచున నిలబడి ఫోన్ టార్చి వేయగానే చీకట్లోంచి గొంతు వినిపించింది.

"లైటు కిందికి మేడం. మనిషి మొఖం మీద వెయ్యద్దు."

బాయిలో అదే పద్ధతట. ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు నెత్తి మీది లైటును నేలకు వంచాలి. లోపలికి దిగగానే కళ్లు చీకటికి అలవాటయ్యేదాకా ఓ పక్కన కూర్చోవాలి. ఊరివాళ్లకూ ఆయన అదే నియమం పెట్టాడు. పావుగంట ఏ వెలుగూ లేకుండా టార్పాలిన్ల మీద కూర్చోవాలి, ఆ తర్వాతే తలెత్తాలి. మిర్చి ఘాటుకు తుమ్ములు ఆపుకుంటూ నేనూ కూర్చున్నాను. తలెత్తాక, పదేళ్లుగా పాఠం చెబుతున్న ఆకాశాన్ని మొదటిసారి చూసినట్టయింది. ఆయన చేతికర్రతో వరసన మూడు చుక్కల గొల్లకావడి చూపించాడు, చుక్కల గుత్తిలా ఉన్న పిల్లలకోడి చూపించాడు. సప్తర్షులను చూపించి, ముసలమ్మ మంచాన్ని ఎత్తుకుపోతున్న ముగ్గురు దొంగల కథ చెప్పాడు. నా క్లాసులో ఆవలించే పిల్లలే కిమ్మనకుండా విన్నారు.

నా కడుపు మండిపోయింది. ఊరు ఆకాశం చూస్తోంది కదా, సంతోషించాలి కదా అని మనసుకు చెప్పి చూశాను. వినలేదు. డిగ్రీ నాది, టెలిస్కోపు నాది, జనం మాత్రం ఆయనకా?

తర్వాతి వారం పంచాయతీ కార్యదర్శి బడికి వచ్చాడు. ఊరికి హైమాస్ట్ లైటు మంజూరైందట, ఎక్కడ పెట్టాలో ఊరి తరఫున అర్జీ కావాలట. ఊళ్లో అర్జీలన్నీ నేనే రాస్తాను. నా చేతిరాత అచ్చు వేసినట్టుంటుందని పేరు.

"బడి గేటు కాడ పెట్టాల్నని అనుకుంటున్రు మేడం. మీరేమంటరు?"

ఆ మాటతో నా గ్రౌండు గుర్తొచ్చింది. వెంటనే కళ్లం గుర్తొచ్చింది. మిర్చికి దొంగల భయం, కాపలావాళ్లకు పాముల భయం అని రాసి, లైటు కళ్లం మూలనే పెట్టాలని కోరాను. ఒక్క అబద్ధం రాయలేదు, నిజాలతోనే పని కానిచ్చాను. కార్యదర్శి నలుగురు పెద్దమనుషుల సంతకాలు పెట్టించి పైకి పంపాడు.

ఎన్నడూ లేనిది, నెల తిరక్కముందే స్తంభం లేచింది. పెళ్లిపందిట్లో కూడా అంత వెలుగుండదు. కాపలావాళ్లు ముఖాల మీద తువ్వాళ్లు కప్పుకుని పడుకున్నారు. కళ్లం మీద చుక్కల కథలు ఆగిపోయాయి. బడి ఊరికి ఆ చివర ఉంది కాబట్టి నా చీకటి నాకు మిగిలింది, ఆ శనివారం నా వరుస గేటు దాకా సాగింది. సిగ్గు లేకుండా సంబరపడ్డాను.

ఆ వరుసలో ఆయనా ఉన్నాడు. తన వంతు వచ్చాక గురుగ్రహాన్నీ, దాని పక్కనున్న నాలుగు చందమామలనూ చూసి, చాలాసేపు కన్ను తీయలేదు.

"మేడం, ఒక అర్జీ రాసియ్యాలె," అన్నాడు వెళ్లేముందు. "లైటు తియ్యమనను, పాములు నిజమే. పైన రేకులు కట్టి మొఖం నేలకు వంచమను. మన శనివారం నాడు రెండు గంటలు బందు పెట్టమను. మీ రాత మంచిగుంటదంట."

ఆ 'మన' దగ్గర నాకు ముల్లు గుచ్చుకుంది. అయినా రాశాను. సోమవారం ఇద్దరం పంచాయతీ ఆఫీసుకు వెళ్లాం. కార్యదర్శి ఫైలు తెరిచి, కొత్త అర్జీని పాతదాని పక్కన పెట్టి నవ్వాడు.

"కళ్లం కాడ పెట్టమని రాసింది మీరే, ఇప్పుడు వంచమని రాసింది మీరేనా మేడం?"

నా పక్కనున్న పెద్దాయన రెండు కాగితాలనూ తన వైపు లాక్కున్నాడు. అక్షరాల కింద వేలు పెట్టి నెమ్మదిగా చదవడం ఆయనకు వచ్చు. రెండూ చివరిదాకా చదివాడు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

బయట మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ అన్నాడు.

"ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద మేడం. అందరిని తోలుకొని నేనే మీ గ్రౌండుకు వస్తుంటి."

గొంతులో కోపం లేదు. "తప్పయింది బాబాయ్" అనాల్సింది. వంగి నా చెప్పుల పట్టీ సర్దుకున్నాను.

ఇప్పుడు ఆ లైటు నేలకే చూస్తుంది, మా శనివారం రెండు గంటలు ఆగిపోతుంది. బడి గ్రౌండులో ముందు ఆయన పావుగంట చీకటి, ఆయన కథలు, ఆ తర్వాత నా టెలిస్కోపు. అందరికీ అన్నీ కనిపిస్తున్నాయి. కళ్లు చీకటికి అలవాటయ్యాక నాకు మనుషుల ముఖాలు కూడా తెలుస్తాయి. దొంగల కథ దగ్గరికి వచ్చినప్పుడు ఆయన నా వైపు చూడడు. ఆయన స్థానంలో నేనుంటే తప్పకుండా చూసేదాన్ని. ఇప్పుడు ఆయన మీద ఏడ్చేది దానికే.