ఇనుమును చూసి చెప్పిన ధర

నా చిన్నప్పుడు మా ఊరిలో లారీ ఉన్న ఇల్లు మాదొక్కటే. మెట్‌పల్లి నుంచి బస్సులో అరగంట దూరం మా ఊరు. ముందర పొడుగాటి మూతి ఉన్న లారీ అది. బాపు కొనేనాటికే పాతది, ఇద్దరి చేతులు మారి మా వాకిట్లకు వచ్చింది. పసుపు కాలంలో పసుపు, మక్కల కాలంలో మక్కలు, ఎండకాలం చెన్నూరు దిక్కు అడవుల నుంచి తునికాకు, ఏడాది పొడుగునా దానికి పని ఉండేది. పొద్దున్నే బాపు దాన్ని చాలు చేస్తే మా ఇంట్ల గూట్లో గిన్నెలు గలగలమనేవి. ఆ చప్పుడుకే మేం లేచేటోళ్లం.

నేను నాలుగో తరగతి చదివే ఏడు, పసుపు కాలం మొదలైతుండగా, ఆ లారీ ఊరి బయట ఎత్తు ఎక్కుతూ ఆగిపోయింది. ఇంజను నడుస్తుంది, చక్రాలు తిరగవు. మెట్‌పల్లి నుంచి మెకానిక్ చాచా వచ్చి కింద దూరి, వెనక చక్రాల నడుమ ఉండే డబ్బా విప్పిండు. లోపల క్రౌన్ పండ్లు విరిగి నూనెలో పడి ఉన్నయి. క్రౌన్ అంటే అన్నం తినే పళ్లెమంత ఉండే పండ్ల చక్రం. దానికి ఆనుకొని పినియన్ అని చిన్న పండ్ల కడ్డీ ఒకటి ఉంటది. ఇంజను బలం ఈ రెండిటి నుంచే వెనక చక్రాలకు పోతది. పండ్లు పోయినయంటే లారీ పోయినట్టే.

కంపెనీ ఆ లారీలు చేసుడు అప్పటికే బందు పెట్టింది. కొత్త సామాను ఎక్కడా లేదు. పాత లారీలను కోసి అమ్మే దుకాణాలల్లనే వెతుక్కోవాలె. రోడ్డు మీద ఆ లారీలు తగ్గుతున్న కొద్దీ వాటి సామాన్ల ధర పెరుగుతనే ఉండేది. బాపు కరీంనగర్ పోయి అడిగితే, అక్కడి సేటు క్రౌన్, పినియన్ రెండిటికి కలిపి ఎనిమిది వందలన్నడు. బాపు ఇంటికి వచ్చి, పైసలు సర్దుకొని మళ్ళ పోయేసరికి వెయ్యి అయింది. మొన్న ఎనిమిది వందలంటివి గదా అని అడిగితే, ధరలు రోజురోజుకు ఎక్కుతున్నయి, నేనేం చేయాలె అన్నడట.

బాపు ఉత్త చేతులతోని తిరిగి వచ్చిండు. ఊరి రైతుల పసుపు మార్కెట్‌కు తోలుతనని మాట ఇచ్చి ఉన్నడు. వారంలో లారీ లేవకుంటే వాళ్లు వేరే బండి మాట్లాడుకుంటరు, వాళ్లదేం తప్పు లేదు. ఆనాడు అన్నం ముందర కూసోని బాపు, లారీని ఆ సేటుకే కోతకు ఇచ్చేసి దుబాయి పోత అన్నడు. మా ఊరి నుంచి అప్పటికే ఇద్దరు పోయిండ్రు. కరీంనగర్ పోయినప్పుడే బాపు పాసుపోర్టుకని ఫోటో కూడా దిగి వచ్చిండు. మా అమ్మను మేం అవ్వ అనేటోళ్లం. అన్నం పెడుతున్న అవ్వ చెయ్యి అట్లనే ఆగిపోయింది.

అప్పటిదాక గోడకు ఆనుకొని వింటున్నది మా బాపమ్మ, మా బాపును కన్నతల్లి. ఆమెకు చదువు రాదు. లారీ గురించి ఆమెకు తెలిసింది, అది ఎద్దు కంటే ఎక్కువ ఖర్చు పెట్టిస్తదని మాత్రమే. కానీ మా తాత పోయినంక ఇంటి ఎడ్లను అంగడిలో ఆమెనే కొనేది. ఆడమనిషి ఎద్దు నోరు తెరిచి పండ్లు చూసుడేందని మొదట్లో నవ్విన రైతులే, తర్వాత తర్వాత తమకు ఎడ్లు కొనాల్సి వస్తే ఆమెను ఎంబడి తీసుకపోయేటోళ్లు.

సేటుతోని ఏమేం మాట్లాడినవని ఆమె బాపును అడిగింది. బాపు దాపరికం లేకుండా చెప్పిండు. పసుపు ముచ్చట, రైతులకు ఇచ్చిన మాట, వారం గడువు, అన్నీ సేటు ముందర చెప్పుకున్నడట. వింటే మనసు కరిగి తగ్గిస్తడనుకున్నడు.

"నీ కష్టమంత నువ్వే విప్పి చూపెట్టినవు కొడుకా. ఆయన దానికి కట్టిండు ధర, ఇనుముకు కాదు" అన్నది బాపమ్మ.

రేపు తానే పోతనన్నది. బాపు నవ్వలే, వద్దని కూడా అనలే. అంత పరేషాన్‌లో ఉన్నడు. ఆమె చాచాను పిలిపించి, అంగడికి పోయేముందు ఎద్దు గురించి అడిగినట్టే ఆ సామాను గురించి అడిగింది. చాచా విరిగిన క్రౌన్ ముందర పెట్టి చూపించిండు. పండ్లు నలభై ఒకటి ఉండాలె. ఏ పన్ను అంచూ చిట్లి ఉండొద్దు. అన్నిటికంటే పెద్ద ముచ్చట, క్రౌన్, పినియన్ పుట్టుకతోనే జోడి. కంపెనీలో రెండిటినీ ఒకదానితోని ఒకటి రాపాడించి, రెండిటి మీద ఒకటే నంబరు కొడతరు. నంబర్లు కలవకుంటే బండి ఊళ పెడుతది, నెల తిరగకముందే పండ్లు రాలుతయి. జోడి తప్పినంక అది ఉత్త ఇనుమే అమ్మా అన్నడు చాచా. బాపమ్మకు ఇంకోసారి చెప్పాల్సిన పని పడలే. ఒక కాడికి అలవాటైన ఎడ్లను విడదీస్తే ఏమైతదో ఆమె ఎరిగిన మనిషి.

నంబరు చదివేటందుకు ఒకరు కావాలె. లారీ విప్పి ఉన్నప్పుడు బాపు దాన్ని విడిచి రావొద్దన్నది బాపమ్మ. అసలు కారణం, బాపు మొఖం సేటుకు కనపడొద్దని. అంకెలు సక్కగ చదువుతనని నన్ను తీసుకపోయింది. నంబరు మీది మట్టి తుడిచేటందుకు చాచా ఒక గుడ్డపేలిక, చిన్న సీసాలో గ్యాసునూనె నా చేతికిచ్చిండు.

సేటు దుకాణం కరీంనగర్ ఊరి చివర ఉండేది. రేకుల పందిరి, దాని చుట్టూ మూతులు విప్పిన లారీలు, ఎక్కడ చూసినా ఇనుప కుప్పలు. సేటు రేడియో పక్కన పెట్టుకొని కుర్చీలో కూసున్నడు. బాపమ్మ ఫలానా లారీకి క్రౌన్, పినియన్ కావాలన్నది. ఎవరి కోసమో చెప్పలే, ఎందుకో చెప్పలే. సేటు వెయ్యి అన్నడు. ఆమె ఎక్కువన్నట్టు మొఖం పెట్టలే, తక్కువన్నట్టూ పెట్టలే. చూస్త అని నేల మీద కూసున్నది. పనోళ్లు రెండిటినీ తెచ్చి ముందర పెట్టిండ్రు.

క్రౌన్‌ను ఒళ్ళో పెట్టుకొని ఒక్కొక్క పన్ను మీద బొటనవేలు పెట్టి లెక్కపెట్టుడు మొదలుపెట్టింది. సేటు కాసేపు చూసి, అది ఎద్దు కాదమ్మా అని నవ్విండు. పనోళ్లు కూడా నవ్విండ్రు. నలభై ఒకటి అయ్యేదాక ఆమె తల ఎత్తలే. తర్వాత నా దిక్కు చూసింది. నేను పేలిక తడిపి, క్రౌన్ పక్కన నల్లటి మట్టి తుడిచి చదివిన. మూడు వందల పదిహేడు. పినియన్ తుడిచి చదివిన. తొంభై నాలుగు. నా గొంతు నాకే కొత్తగా వినపడ్డది.

ఆ నంబర్లతోని మీకేం పని అన్నడు సేటు. బాపమ్మ గొంతు పెంచలే. ఈ రెండు ఒక్క లారీ నుంచే వచ్చినయా సేటు అని మాత్రం అడిగింది. సేటు రేడియో చిన్నగ చేసిండు. చివరికి, ఐదారు లారీలు ఒక్కసారే కోతకు వచ్చినయని, అప్పుడు సామాన్లు ఒకదాంట్లొకటి కలిసిపోయినయని ఒప్పుకున్నడు. మరి ఇది ఇనుమే గదా అన్నది బాపమ్మ. సేటుకు జర కోపం వచ్చింది. నీకు ఇనుమే అనిపిస్తే ఇనుము ధరకే తూకం వేసుకొని పో అన్నడు.

బాపమ్మ సరే అన్నది. పారకు, కొడవలికి కొన్ని పట్టీలు కూడా ఏరుకుంటనన్నది. ఏరుకో అన్నడు సేటు. ఆమె నా చెవి దగ్గర, దీని జోడి ఈ కుప్పలల్లనే ఉంటది, పోయి చూడు అన్నది.

ఎండకు ఇనుము కాలుతున్నది. నేను ఒక్కొక్క పినియన్ తీసి తుడుచుడు, చదువుడు. సీసాలో నూనె అయిపోతే లంగా అంచుతోని తుడిచిన. ఎన్ని చూసిన్నో యాది లేదు. ఒక పగిలిన డ్రమ్ము కింద దొరికింది మూడు వందల పదిహేడు. ఒకటీ ఏడూ ఒక్కతీరుగ కనపడతయని మూడుసార్లు చదువుకున్న. కేక వేయలే. దాన్ని రెండు చేతులతో ఎదకు పట్టుకొని తెచ్చి బాపమ్మ పక్కన పెట్టిన. ఆమె నంబరు దిక్కు చూడలే, నా మొఖం చూసి అర్థం చేసుకున్నది.

అన్నీ కలిపి తూకం వేసిండ్రు. నలభై చిల్లర రూపాయలయినయి. బాపమ్మ కొంగుముడి విప్పి ఇచ్చింది. వెయ్యి రూపాయల సామాను నలభైకి వచ్చింది, అదీ నేను వెతికిన నంబరుతోని. నా కాళ్లు నేల మీద లేవు. ఇంటికి పోయి బాపుకు ఎట్ల చెప్పాల్నో కూడా ఆలోచించుకున్న.

అప్పుడు బాపమ్మ సేటును పిలిచింది. క్రౌన్, పినియన్ పక్కపక్కన పెట్టి నన్ను మళ్ళ చదవమన్నది. నాకు అస్సలు చదవబుద్ధి కాలే. ఆమె మళ్ళొకసారి అన్నంక, నేల దిక్కు చూసుకుంట చదివిన. మూడు వందల పదిహేడు, మూడు వందల పదిహేడు. సేటు కుర్చీలోంచి లేచి వచ్చి అద్దాలు పెట్టుకొని చూసిండు. నవ్వేటోళ్లు ఎవ్వరూ లేరు. సామాను గుంజుకుంటడని నేను బాపమ్మ చీర పట్టుకున్న.

"తూకం అయింది సేటు, పైసలు నీ చేతిలున్నయి. నేను లేచి పోతే ఆపేటోడు లేడు. కానీ జోడి కలిసినంక ఇది ఇనుము కాదు. ఇప్పుడు దీని ధర నువ్వే చెప్పు. నా మొఖం చూసి కాదు, దాన్ని చూసి చెప్పు."

సేటు సామాను ముందర నేల మీద గొంతుక్కూసున్నడు. పినియన్ తీసి క్రౌన్ పండ్లల్ల పెట్టి చేతితోని మెల్లగ తిప్పి చూసిండు. చాలాసేపు దాన్నే చూసిండు. తల ఎత్తకుండనే, నాలుగు వందలు అన్నడు.

బాపమ్మ ఒక్క మాట కూడా బేరం ఆడలే. మిగిలింది ఇచ్చేసింది. సేటు లేచి ఆమెకు తన కుర్చీ వేసిండు, చాయ్ తెప్పించిండు, ఏ ఊరమ్మా అని అప్పుడు అడిగిండు. లోపలి నుంచి ఒక ఆయిల్ సీలు తెచ్చి, ఇది పాతదే పెడితే నూనె కారుతదమ్మా, తీస్కపో అని ఇచ్చిండు. పైసలు తీసుకోలే. క్రౌన్‌ను బస్సు మీదికి ఎక్కియ్యమని తన మనిషిని పంపిండు. పినియన్ గోనెసంచిలో చుట్టి నా ఒళ్ళో పెట్టిండ్రు.

బస్సులో నాకు గెలిచిన ఆటను తీసుకపోయి ఎదుటోళ్లకు ఇచ్చినట్టు అనిపించింది. గంగాధర దాటినంక ఏడుపు ఆగలే. బాపమ్మ నా చేతుల మసి తన కొంగుతోని తుడుచుకుంట, లారీలో ఎన్ని సామాన్లుంటయని అడిగింది. వెయ్యి ఉంటయన్న కోపంగ. వెయ్యిసార్లు ఆయన దగ్గరికి పోవాలె మరి, మోసపోయిన అనుకునే మనిషి రెండోసారి మనకు ఒక నట్టు కూడా సక్కటి ధరకు ఇయ్యడు అన్నది. నేను ఊరుకోలే, అట్లయితే ముందుగాల నలభైకి ఎందుకు తూకం వేయించినవన్న. పైచెయ్యి మనదైనప్పుడే నిజం ధర బయటికి వస్తదన్నది. అది నాకు అప్పుడు సగమే అర్థమైంది. కొంచెం దూరం పోయినంక ఆమె తనకు తానే అనుకున్నట్టు, "సామాన్లు కలిసిపోయినయని ఆయన ఒప్పుకున్నడు బిడ్డా. ఒప్పుకున్న మనిషిని ముంచితే నాకు అన్నం లోపలికి పోతదా" అన్నది.

చాచా తెల్లారి పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి బిగించిండు. లారీ ఆగిపోయిన ఎత్తు మీదికే పోనియ్యమన్నడు బాపును. ఊరంతా రోడ్డు మీద నిలబడ్డది. బండి మెల్లగ ఎక్కుతుంటే చాచా పక్కన నడుచుకుంట, వంగి చెవి పెట్టి విన్నడు. ఊళ లేదు, కటకట లేదు. మీదికి చేరినంక చాచా, జోడి కుదిరిందమ్మా అని అంత దూరం నుంచి అరిచిండు. ఆ సాయంత్రమే పసుపు బస్తాలు ఎక్కించిండ్రు. ఎన్నడూ లారీ ఎక్కని బాపమ్మను బాపు చెయ్యి పట్టి ముందర కూసోబెట్టిండు. ఆమె పక్కన నేను. ఊరు దాటేదాక బాపు హారన్ మీది నుంచి చెయ్యి తీయలే. దుబాయికని దిగిన ఫోటోల్లో ఒకదాన్ని అవ్వ అద్దం పక్కన అతికించింది. బాపు మళ్ళ దుబాయి మాట ఎత్తలే.

ఆ లారీ ఇంకా పదహారేండ్లు నడిచింది. అటువంటి బండి ఎప్పుడు కోతకు వచ్చినా సేటు బస్సు డ్రైవర్లతోని మా ఊరికి కబురు పంపేటోడు, ముందుగాల మీరు చూసుకోండి, తర్వాతనే వేరేటోళ్లకు అని. ఆ సామాన్ల ధర అందరికీ ఏడాదికేడాది ఎక్కింది. మాకు మాత్రం ఆయన ప్రతిసారీ సామాను చేతిలకు తీసుకొని, దాన్ని చూసే చెప్పిండు.

ఇప్పుడు నాకు అరవై దాటినయి. నేను, మా ఇంటాయన కలిసి మెట్‌పల్లిలో పెట్టిన పాత లారీ సామాన్ల దుకాణాన్ని ఇప్పుడు ఒక్కదాన్నే చూసుకుంటున్న. మేం తూకానికి అమ్మి పారేసిన మూతి లారీల కోసం ఇప్పుడు హైదరాబాద్ నుంచి కార్లల్ల వస్తుండ్రు. హోటళ్ల ముందర నిలబెడతరట, రంగులేసి పెండ్లిళ్లకు తిప్పుతరట. ఒక్క తలుపుకు నడుస్తున్న ధరతోని మా బాపు ఆ కాలంలో లారీనే కొనేటోడు. ఫోన్‌లో ఫోటో చూపించి ఎంతకైనా సరే అనేటోళ్లు ఒక దిక్కు. ఖానాపూర్ వైపు నుంచి, ఇంకా ఆ బండితోనే పొట్ట పోసుకునే మనిషి చెమటలు తుడుచుకుంట వచ్చుడు ఇంకో దిక్కు. ఒకరి మొఖంలో ఆశ ఉంటది, ఒకరి మొఖంలో ఫికర్ ఉంటది. రెండూ అమ్మేటోళ్ల నోట ధర పెంచేటియే.

అందుకే ఎవరొచ్చినా ధర చెప్పేటప్పుడు నేను తల దించుకొని సామాను దిక్కే చూస్త. కొత్తోళ్లు, గీ పెద్దమ్మ మొఖం చూసి మాట్లాడదేంది అనుకుంటరు. అనుకోనీ. ధర చెప్పినంకనే తల ఎత్తి, ఏ ఊరు బిడ్డా, చాయ్ తాగుతవా అని అడుగుత.