మా నాయన విప్పిన రీలు

పెళ్లయ్యాక వచ్చిన మొదటి దీపావళికి అల్లుడికి ఏం పెట్టాలన్నది మా ఇంట్లో పెద్ద చర్చ అయింది. పుంగనూరులో బట్టల అంగడి నడిపే మా నాయనకు పంచెలు పెట్టడం చిటికెలో పని. అమ్మ ఉంగరం అంది. మా ఆయనకు ఆ రెండూ అక్కర్లేదని నాకు తెలుసు. కుప్పంలో బడిపంతులుగా పనిచేసే ఆ మనిషి ప్రాణమంతా ఒక పాత కెమెరా మీదే ఉండేది. నేను రెండో పెళ్లాన్నని అప్పటికే అర్థమైపోయింది.

"కెమెరాకు ఫిలిం కొనియ్యి నాయనా, అదే చాలు" అన్నాను.

ఇద్దరం మదనపల్లె బస్సెక్కాం. అక్కడి స్టూడియోలో ఫిలిం అమ్మేవాళ్లు. మేలు రకం కావాలని నాయన అడిగితే, స్టూడియో ఆయన రెండు చిన్న డబ్బాలు బల్ల మీద పెట్టాడు. నాయన ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత దాంట్లో మనుసులు యాడ పడతారమ్మా?" అని నా చెవిలో అడిగాడు.

బట్ట తాను మొత్తం విప్పి, వెలుతురుకు పట్టి, నేత చూసి గానీ కొనని మనిషి ఆయన. చూడని సరుకు అల్లుడి చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు కాబోలు. పండగ ముందురోజు నేను వంటింట్లోంచి వచ్చేసరికి, వాకిట్లో ఎండకు ఎదురుగా కూర్చుని ఒక రీలు కొసదాకా విప్పి పట్టుకున్నాడు.

"సూడమ్మా, పోగంత మచ్చ లేదు" అన్నాడు సంబరంగా.

ఎండ తగిలిన ఫిలిం ఇక ఫోటోకు పనికిరాదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఆయన దాన్ని పొందికగా చుట్టి దారం కట్టాడు.

మర్నాడు కొత్త పంచెలతో పాటు రెండు రీళ్లూ పళ్లెంలో పెట్టి ఇస్తూ, "ఒకటి విప్పి సూసినానప్పా, సరుకు మంచిదే" అని తానే చెప్పాడు. నేను నేల చూపులు చూశాను. మా ఆయన ఒక్క నవ్వు నవ్వినా నాయన జన్మలో ఆయన ముందు తలెత్తడు. మా ఆయన నవ్వలేదు. రెండు చేతులా అందుకుని, "మంచిది మామా" అన్నాడు.

కుప్పం చేరాక ఎండ తగిలిన రీలును పారేయమన్నాను. "మామ ఇచ్చింది యాల పారేస్తాం? దాంతో పనుండాది" అన్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పెరట్లో బేసిన్‌లో ఫిలిం కడిగే మందు కలిపాడు. మామూలుగా స్నానాల గదిలో చీకటి చేసుకుని తలుపేసుకునేవాడు, ఆ పని నేనెప్పుడూ చూడలేదు. ఇది ఎటూ ఎండ తిన్న ఫిలిమే కాబట్టి ఆ రోజు ఆరుబయటే కడిగాడు. మీగడ రంగు పట్టీ నా కళ్లముందే కాటుకలా నల్లబడిపోయింది. వెలుతురు తగిలిన చోటల్లా ఇట్లా నలుపవుతుందని చెప్పాడు. మా వాకిట్లో పడిన ఎండంతా అందులో ఉందన్నమాట.

శివరాత్రి వెళ్లగానే సూర్యగ్రహణం వచ్చింది. ఆ పూటకు పుంగనూరు వచ్చాం. అమ్మ ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి తలుపులు మూసింది. వీధిలో కుక్క కూడా లేదు. మా ఆయన ఆ నల్ల పట్టీని రెండు మడతలు చేసి నాయన చేతికిచ్చాడు.

"గ్రహణం సూస్తే కండ్లు పోతాయప్పా."

"ఉత్త కండ్లతో సూస్తే పోతాయి మామా. ఇది మీరిచ్చిన రీలే. ఎండ తగిలింది కాబట్టి ఫోటోలు పడవు. సూర్యుణ్ణి సూడాలంటే మాత్రం ఇట్లాంటిదే కావల్ల. మీరు విప్పబట్టే ఇది మన కాడ ఉండాది."

నాయన ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత వాకిట్లోకి దిగి, బట్టను పట్టినట్టే రెండు కొసలూ పట్టి పైకి చూశాడు. పట్టీని చాలాసేపు దించలేదు. చివరికి నాకిచ్చాడు. సూర్యుడు కొడవలంత అయిపోయి ఉన్నాడు. రోజూ నెత్తి మాడ్చే ఆ సూర్యుడే. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

నాయన మూసి ఉన్న ఇళ్లన్నిటి వైపు ఒకసారి చూసి, అల్లుడితో అన్నాడు. "ఆ రెండోదాన్ని గూడా విప్పింటే బాగుండు గదప్పా. వీధంతా సూసేది."