చెల్లి నాకే చివరగా చెప్పింది

మా పాపకు ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక ఆదివారం చర్చి అయ్యాక రెజిమెంటల్ బజార్‌లో అమ్మావాళ్లింటికి వెళ్లాం. భోజనాలయ్యాక చెల్లి నా పక్కన కూర్చుని పాప పాదాలు నిమురుతూ, "అక్కా, నీకొక మాట చెప్పాలె. నాకు మూడో నెల," అంది.

దానికి పెళ్లై ఏడాది కూడా కాలేదు. నవ్వి, దగ్గరికి తీసుకున్నాను. తర్వాత పాపకు బట్టలు మార్చాలని చెప్పి లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. ఏడుపు ఆగలేదు.

పిల్లల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగిన ఏళ్లలో ఇలాంటి కబురు విన్నప్పుడల్లా ఇంతే. పొద్దున బేగంపేట ఆసుపత్రిలో ఇంజెక్షన్ చేయించుకుని అటునుంచటే ఆఫీసుకు వెళ్లేదాన్ని. సాయంత్రం ఎవరిదో సీమంతం ఫొటో కనబడితే ఫోన్ బోర్లా పెట్టేసేదాన్ని. బిడ్డ పుడితే అదంతా పోతుందనుకున్నాను. పుట్టింది. నా భుజం మీద చొంగ కారుస్తూ జుట్టు పీకుతోంది. మరి ఎందుకేడుస్తున్నాను?

అమ్మ తలుపు తట్టి లోపలికి వచ్చింది. "ఏందమ్మా, ఇంకేం తక్కువైంది నీకు? దేవుడు ఇచ్చిండు గద," అంది. కోప్పడలేదు, నిజంగానే అర్థంకాక అడిగింది. నాకే అర్థం కానిది ఆమెకేం చెప్పను?

అమ్మ వెనకాలే చెల్లి నిలబడి ఉంది. "ఇంట్ల అందరికీ ముందే చెప్పిన అక్కా. నీకే చెప్పనీకి భయమైంది."

ఆ మాట గుచ్చుకుంది. నేనూ తల్లినే కదా, ఇంకా భయమెందుకు? కానీ కళ్లు తుడుచుకుంటూ ఆ మాట పైకి అనలేకపోయాను.

"నీ మీద కోపం కాదే. నీకు గింత అల్కగ ఎట్లయిందని..." అన్నాను.

"నాకు సుత తెల్వదక్కా," అంది, తనేదో తప్పు చేసినట్టు.

కొన్నాళ్లకు చెల్లే ఫోన్ చేసి స్కానింగ్‌కు తోడు రమ్మంది. ఇష్టం లేకుంటే వద్దని కూడా అంది. పాపను అమ్మకు అప్పగించి వెళ్లాను. తెర మీద బిడ్డ గుండె కొట్టుకోవడం కనబడగానే మళ్లీ నా కళ్లల్లో నీళ్లు.

"సంతోషమా అక్కా, బాధనా?"

"తెలుస్తలేదే."

బయటికొచ్చాక చెల్లి ఆకలవుతోందంది. ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చుని ఇడ్లీలు తిన్నాం. తన ప్లేటులోవి అయిపోగానే నా ప్లేటులోంచి ఒకటి తీసుకుంది. ఇంకో ప్లేటు తెమ్మని చెప్పాను.