వేడికి గడి లేదు

నా ఉద్యోగం ఫోన్లు చేయడం. దానికి ఆస్పత్రి వాళ్ళు పెద్ద పేరే పెట్టారు గానీ, చేసేది అదే. మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ తీయించుకున్నవాళ్ళను ఏళ్ళ తరబడి గమనిస్తూ, ఎవరికి మళ్ళీ వచ్చింది, ఎవరికి రాలేదు, ఏ వైద్యం ఎవరికి పనిచేసింది అని రాసిపెట్టే పరిశోధన అది. డాక్టర్లు నెల్లూరులో ఉంటారు. ఈ పడమటి మండలాల మనుషులు నా వంతు. ఆత్మకూరులో మా వరండాలో కూర్చుని, మూడు నెలలకొకసారి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఫారంలో ఉన్న ప్రశ్నలు అడిగి, గడుల్లో అవును, లేదు అని నింపుతాను. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పెద్ద డాక్టరు ఒకసారి మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఉదయగిరికి ఈవల ఒక ఊళ్ళో గొర్రెలు కాసుకునే పెద్దాయన ఉన్నాడు. అరవై దాటాయి. బీడీ లేనిదే పొద్దు గడవని మనిషి. గడ్డ గీకి తీసి పంపేటప్పుడు, మూడు నెలలకొకసారి వచ్చి లోపలికి కెమెరా పెట్టించుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఒకసారి వచ్చాడు, అంతే.

"గొర్రెల్ని ఎవురి మీద ఇడిసిపెట్టి వచ్చేదమ్మా? నువ్వు ఫోన్లో అడగతానే ఉండావు గదా" అనేవాడు.

నేను ఫోన్ చేయడమే పరీక్ష అనుకున్నాడు ఆయన. కాదని నేను పోట్లాడొద్దూ? ఒకటి రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. 'పరీక్షకు రాలేదు' అని రాసుకుని తర్వాతి ప్రశ్నకు పోయాను.

"మూత్రంలో రక్తం ఏమన్నా పడతా ఉండాదా పెదనాయనా?"

"రగతమా? అట్టాంటిదేం లేదమ్మా. రవ్వంత వేడి చేసుండాది, అంతే."

"ఎండల్లో తిరగబాక. మజ్జిగ బాగా తాగు."

'లేదు' అని రాశాను. మూడు నెలలకు మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు, అదే మజ్జిగ. మూడోసారీ అంతే. ఫారంలో రక్తానికి గడి ఉంది, మంటకు ఉంది, నొప్పికి ఉంది. వేడికి లేదు. నాకైనా తట్టలేదే! మా అమ్మకు కళ్ళు మండితే వేడి, నాకు నోరు పూస్తే వేడి. వేడిని ఎవరైనా ఆస్పత్రి ఫారంలో రాస్తారా?

నాలుగో విడత ఆయన ఫోన్ ఎత్తలేదు. రెండు రోజులు చూసి, మూడో రోజు పొద్దున్నే ఉదయగిరి బస్సెక్కాను. ఊరి దగ్గర దిగి ఇల్లు వెతుక్కుని పోయేసరికి, ఆయన భార్య నీళ్ళ గాబు పక్కన కూర్చుని పంచ ఉతుకుతోంది. బండ మీద నుంచి పారే నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏంది పెద్దమ్మా అది?"

"వేడి పాపా. ఎండన పడి తిరిగే మనిషి గదా, ఎర్రగా పోస్తాడు. పోయిన ఉగాదికి ముందు నించీ ఇంతే. నీకు చెప్పినాడంట గదా. మజ్జిగ తాగమన్నావంట. పూటపూటా తాపతానే ఉండా."

ఆ తడి బండ మీదే కూలబడ్డాను.

లోపల మంచం మీద ఆయన సగానికి సగం అయిపోయి ఉన్నాడు. నేను అరిచాను. ఎవరి మీద చూపించాల్సిన కోపాన్ని ఎవరి మీద చూపించానో నాకు తెలుసు.

"నీ గొర్రెకి ఎర్రగా పోస్తే ఇట్టనే ఊరుకుంటావా?"

"ఎందుకు ఊరుకుంటా? ఆ పూటే డాక్టరు కాడికి తోలకపోతా" అన్నాడు నెమ్మదిగా. "అది నోరు లేని జీవం గదమ్మా. నాకు నోరుండాది. నీకు చెప్పినాను."

ఆయన నిష్ఠూరంగా అనలేదు. అని ఉంటే బాగుండేది.

మరుసటి రోజు నెల్లూరు తీసుకుపోయాను. కెమెరా పెట్టి చూసి, స్కానింగ్ తీసి, డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. గడ్డ కండలోకి దిగి, మూత్రాశయం సంచి దాటి పోయిందట. ముందే వచ్చి ఉంటే సంచి తీసేసి చూసేవాళ్ళమని, ఇప్పుడు ఏం చేసినా నాలుగు రోజులు ముందుకు జరపడమేనని చెప్పాడు. బయట వరండాలో పెద్దమ్మ నా కొంగు పట్టుకుంది. "వేడికి మంచి మందు రాసినాడా పాపా?" అని అడిగింది. దేవుడా, ఆమెకు ఏమని చెప్పేది?

ఆస్పత్రిలోనే ఉన్న పరిశోధన ఆఫీసుకు పోయి ఆ మూడు ఫారాలూ తీయించాను. చించి పోగులు పెట్టాలనిపించింది. అక్కడి మేనేజరమ్మ ఒప్పుకోలేదు. "చెరపకూడదు, వైట్నర్ పూయకూడదు. ఒక్క గీత గీసి పక్కన సంతకం పెట్టు. కింద రాసింది కనపడాలి" అంది. పరిశోధనకు అదే రూలు. మూడు గీతలు గీశాను, మూడు సంతకాలు పెట్టాను. ముత్యాల్లాంటి ఆ మూడు 'లేదు'లూ గీతల కింద చక్కగా కనపడుతూనే ఉన్నాయి.

సాయంత్రం వాళ్ళను బస్సెక్కిస్తూ, అది వేడి కాదు రక్తమని, మూడుసార్లు తప్పు రాసి ఇవాళ కొట్టేశానని పెద్దాయనకు చెప్పాను. ఫారంలో వేడికి ఒక గడి పెట్టమని ఆఫీసువాళ్ళను అడిగాను. చూద్దామన్నారు. వాళ్ళు చూసేదాకా ఆగలేక నేనే అందరికీ ఫోన్లు చేసి, వేడి చేసిందా అని అడగడం మొదలుపెట్టాను. ఎండాకాలం ఈ మెట్ట మండలాల్లో వేడి చేయనిది ఎవరికి? చేసిందంటే చేసిందన్నారు అందరూ. "ఏం రంగు? ఏం రంగో చెప్పండి!" అని నేను వరండాలో గొంతు చించుకుంటుంటే, పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసింది. "ఈ పిల్లకేమన్నా అయిందా?" అని మా అమ్మనడిగింది. అవును, అయింది.

మళ్ళీ పెద్దాయన విడత వచ్చింది. పొద్దున్నుంచీ ఆ నంబరు దాటేసి మిగతావాళ్ళకు చేస్తూ కూర్చున్నాను. సాయంత్రం నాలుగింటికి ఇక దాటేయడానికి ఎవరూ మిగల్లేదు. చేశాను. ఆయనే ఎత్తాడు.

"పెదనాయనా..." అన్నాను. రక్తం గడి మీద పెన్ను పెట్టాను.

"అమ్మా, నువ్వేనా" అన్నాడు. ఊపిరి అందడం లేదు, ఆగి ఆగి మాట్లాడాడు. "కాగితం దగ్గరుండాదా? రాసుకో. వేడి కాదమ్మా. రగతం. రగతమే పడతా ఉండాది."

'అవును' అని రాశాను.

"రాసినావా? ఈ తూరి నీకు కొట్టేసే పని లేదులే" అన్నాడు.